నడిచే గుడిలో ఖడ్గమృగం

రత్నశిల రాజ్యపు ఉత్తర ద్వారం తెరిచే వేళకి నడిచే గుడి వచ్చి తలుపుల ముందు ఆగింది.

ఆ ద్వారం చూడముచ్చటైనది. ఎర్రరాతి బురుజులు రెండు ఆకాశాన్ని ఎత్తిపట్టుకున్నట్టు నిలబడి ఉన్నాయి. వాటి నడుమ మకరతోరణం, తోరణం కింద ఇత్తడి పువ్వులు తాపిన టేకు తలుపులు. తొలి ఎండ తగలగానే ఆ పువ్వులన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నట్టు మెరిశాయి. గుడి వెంట వచ్చిన ఇద్దరికీ ఆ సొగసు చూసే ఓపిక లేదు.

నడిచే గుడి అంటే వెదురుబద్దలతో కట్టిన చిన్న మండపం. చుట్టూ పసుపు గుడ్డల తెరలు నేలని జీరాడుతున్నాయి. మూలమూలనా వేపమండలు, చిరుగంటలు. నెత్తిన ఇత్తడి కలశం. లోపల శిలాదేవత ఉందనీ, ఊరూరా తానే నడిచి వచ్చి వానలు కురిపిస్తుందనీ జనం నమ్మారు. గుడికి ముందు నుదుట కుంకుమ దట్టంగా పెట్టుకుని నెమలికుంచె పట్టుకున్న స్త్రీ నడుస్తోంది. వెనుక ఒళ్ళంతా విభూతి పూసుకుని, నారతో చేసిన జడలు తగిలించుకున్న మనిషి డోలు వాయిస్తున్నాడు.

డోలు వాయించేవాడు కలశగిరి ప్రభువుకి సొంత తమ్ముడు, నీలాంకుడు. ఆ స్త్రీ రెల్లుమడుగు కాపరుల ఇంటి ఆడపడుచు తుంగ. తెరల లోపల ఉన్నది దేవత కాదు, మండపాన్ని వీపున మోస్తున్న ఖడ్గమృగం. కలశగిరి రాజ్యంలో మిగిలిన ఆఖరిది అదే. వేటగాళ్ళు దాని తల్లిని చంపిన నాటినుంచి మేకపాలు పోసి పెంచిన తుంగ దాన్ని బండమ్మ అని పిలిచేది.

ఒకప్పుడు రెల్లుమడుగులో ఖడ్గమృగాలు మందలుగా తిరిగేవి. రత్నశిల ఆస్థానంలో ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు చేరాడు. వాటి కొమ్ము అరగదీసి కాచిన రసాయనం తాగితే మహారాజు మహీభుజంగుడికి చావు రాదని చెప్పాడు. ఆనాటినుంచి విషం పూసిన ఈటెలతో వేటగాళ్ళు సరిహద్దు దాటి రావడం మొదలైంది. నీలాంకుడు మడుగు చుట్టూ కాపలా పెట్టాడు. వేటగాళ్ళు తవ్విన గోతులు పూడ్పించాడు. దొరికినవాళ్ళని దొరికినట్టు ఖైదు చేయించాడు. అయినా ఏ వేసవికి ఆ వేసవి మడుగు కొంత ఖాళీ అవుతూనే వచ్చింది. చివరికి బండమ్మ ఒక్కతే మిగిలింది, అదీ కడుపుతో.

ధవళానది అవతలి గట్టున సురభివనం ఉంది. ఆయుధం పట్టినవాణ్ణి ఆ వనం లోపలికి రానివ్వదనీ, ఈ జాతి జంతువులు అక్కడ ఇంకా బతికే ఉన్నాయనీ యాత్రికులు చెప్పారు. కానీ దారి శత్రువు రాజ్యం నడిమధ్య నుంచే. అందుకే ఈ వేషాలు. ఎండాకాలమంతా నడిచారు. డోలు తాడు ఒరుసుకుని నీలాంకుడి భుజం పుండు పడింది. తుంగ మడమలు బీటలు వారాయి. మొదట్లో దారి పొడుగునా కబుర్లు చెప్పుకునేవారు. ఇప్పుడు అవసరమైతేనే నోరు విప్పుతున్నారు.

“ఆగండక్కడ!” అంటూ ద్వారం కాపలా దళపతి మైలారుడు మెట్లు దిగి వచ్చాడు. నడివయసు మనిషి. చెంప మీద పాత గాయం. “ఏ ఊరు మీది?”

“ఊరేముందయ్యా! అమ్మ ఎటు నడిస్తే అటు,” అంది తుంగ.

“తెర ఎత్తు. లోపల చూడాలి.”

“వద్దు నాయనా. వేళ కాని వేళ తెర ఎత్తినవాడికి కళ్ళు పోతాయి.”

“పోతే పోనీలే. ఉన్న కళ్ళతో చూసింది చాలు,” అని మైలారుడు ఆమెను పక్కకి జరిపి, తెర ఎత్తి తల లోపలికి పెట్టాడు.

నీలాంకుడి చెయ్యి డోలు లోపలికి జారింది. కత్తి అక్కడే దాచాడు. లోపలినుంచి బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. చిరుగంటలన్నీ గలగలలాడాయి. మైలారుడు చాలాసేపు తల బయటికి తీయలేదు. తీసేటప్పటికి అతని మొహమంతా తడిగా ఉంది.

“దేవతే! దారి వదలండిరా!” అని భటులకి కేకవేశాడు. గుడి కదిలాక, తాను పూజకి వచ్చినవాడిలాగా చేతులు జోడించి పక్కనే నాలుగడుగులు నడిచాడు.

“వీటి వేటకి నన్ను ఎన్నోసార్లు పంపారు,” అన్నాడు గొంతు తగ్గించి. “నా తమ్ముడు కూడా వచ్చాడు. వాణ్ణి మీ మడుగు గట్టునే పూడ్చాను. ఇంతకాలం వేటాడానా, ప్రాణంతో ఉన్నదాన్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. కళ్ళు అంత చిన్నవని తెలీదు నాకు.”

“మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నావు?” అని అడిగాడు నీలాంకుడు.

“అలిసిపోయానయ్యా. అంతకంటే ఏం లేదు. గడ్డిమైదానంలో మాత్రం ఆగకండి. మాంత్రికుడి పొగకాకులు అక్కడ తిరుగుతుంటాయి. ఒక్కటి చూసినా వాడు చూసినట్టే.”

అతను వెనక్కి తిరిగి తన మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

మైదానం కంటికి అందినంత మేర పరుచుకుని ఉంది. ఎండిన గడ్డి మొలలోతున పెరిగి, గాలి వీచినప్పుడల్లా బంగారు సముద్రంలాగా ఒకవైపు ఒరిగి మళ్ళీ లేస్తోంది. నడుమ నడుమ మోదుగచెట్లు ఆకులన్నీ రాల్చేసి మోడులై నిలుచున్నాయి. దూరాన రత్నశిల రాజభవనాల శిఖరాలు ఎండమావిలో తేలుతున్నాయి. ఒక పిట్ట అరుపు లేదు, ఒక చెవులపిల్లి కదలిక లేదు. ఈ మైదానంలో మేసే జింకలన్నిటినీ మాంత్రికుడి పనివాళ్ళు ఏనాడో పట్టుకుపోయారు.

“బండమ్మ నడక బాలేదు చిన్నదొరా,” అంది తుంగ. “పొద్దున్నుంచీ అడుగు బరువుగా వేస్తోంది. అరటిపళ్ళు పెడితే ముట్టలేదు.”

“ఎండకేమో!”

“ఎండకి కాదు.”

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. ఇంతలో నెత్తిన నీడ కదిలింది. తలెత్తి చూస్తే కాకి. రెక్కలకి ఈకలు లేవు. పొగ సుడులు తిరుగుతూ కాకి ఆకారం కట్టింది. కళ్ళ చోట రెండు నిప్పురవ్వలు. గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కావ్ మని అరిచి రెండుగా చీలింది. రెండూ నాలుగయ్యాయి. చూస్తుండగానే ఆకాశం నల్లబడింది.

“పరుగెత్తు తుంగా!”

కాకులు రాళ్ళవాన కురిసినట్టు నేలకి దిగాయి. దిగిన ప్రతిచోటా గడ్డి భగ్గుమంది. వెనుక మంట, కుడిపక్క మంట. గాలి దాన్ని ముందుకి తోసింది. బండమ్మకి పొగ వాసన తగలగానే అది భయంతో గుర్రుమని ముందుకి దూకింది. ఆ ఊపుకి గుడి ఒక పక్కకి వాలిపోయింది. పసుపు తెరలకి నిప్పంటుకుంది. నీలాంకుడు డోలు పగలగొట్టి కత్తి లాగి, పరుగెత్తే మృగం వెంట పరుగెత్తుతూ వెదురు కట్లు ఒక్కొక్కటే తెగనరికాడు. మండే మండపం వాళ్ళ వెనుక కుప్పకూలింది. ఇత్తడి కలశం దొర్లుకుంటూ పోయి మంటల్లో పడింది. ఇన్నాళ్ళూ వాళ్ళని కాపాడిన వేషం అంతటితో సరి.

“బండమ్మా! ఇటు! ఇటమ్మా!” తుంగ గొంతు చించుకుంటోంది. పొగలో ఆమె కనబడటం లేదు. గొంతే దారి. ఆ గొంతు పట్టుకునే మృగమూ రాకుమారుడూ పరుగెత్తారు. నారజడలకి నిప్పంటుకుంటే నీలాంకుడు వాటిని పీకి పారేశాడు.

ఎదురుగా గోడ. పాత ఇటుకల గోడ. నిలువెత్తు ఉంది. ఆగే వ్యవధి లేదు. బండమ్మ తల వంచి దూసుకుపోయింది. ఇటుకలు ఫెళఫెళ విరిగి దుమ్ము లేచింది. ఆ కంతలోంచి ముగ్గురూ అవతలికి పడ్డారు. మంట గోడ దాకా వచ్చి, నమలడానికి గడ్డి దొరకక అక్కడే చల్లారింది.

అవతల మరో లోకం. పాలరాతి మెట్ల నడుమ చంద్రసరస్సు నిండుగా ఉంది. నీళ్ళ మీద ఎర్రకలువలు, గట్టున పొగడచెట్లు, పొగడచెట్లకి కట్టిన బంగారు పంజరాలు. పంజరాలన్నీ ఖాళీ. మల్లెపందిళ్ళ కింద చందనపు చెక్క ఊయలలు ఎవరూ ఎక్కక దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఒక పందిరిని మెడకి తగిలించుకుని బండమ్మ సరస్సు అంచున ఉన్న బురదలోకి దిగి అక్కడే కూలబడింది.

నీలాంకుడు దాని వీపు మీద చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. “ఇది రాజోద్యానం తుంగా. పులి నోట్లోకే వచ్చిపడ్డాం. లేపు దాన్ని. పోదాం.”

తుంగ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని మృగం డొక్క తడుముతోంది. “ఇది లేవదు చిన్నదొరా. నొప్పులు మొదలయ్యాయి. ఇక్కడే ఈనుతుంది.”

నీలాంకుడికి విరిగిన ఇటుక ఒకటి తలకింద పెట్టుకుని అక్కడే పడుకుంటే ఎంత బాగుండునో అనిపించింది. కత్తి చేతపట్టుకుని వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా పొగడచెట్ల నీడలోంచి ఒక ముసలివాడు ఒంటరిగా నడిచి వచ్చాడు. దూరాన చెట్ల కింద మేనా దించి నలుగురు బోయీలు నిలబడి ఉన్నారు. ముసలివాడి ఒంటి మీద పట్టుబట్టలు కొయ్యకి తగిలించినట్టు వేలాడుతున్నాయి. మెళ్ళో రత్నహారం. కళ్ళ కింద నల్లటి గుంటలు. ఆ కళ్ళు ఎంతో కాలంగా మూతపడినట్టు లేవు. నీలాంకుడు గుర్తుపట్టాడు. మహీభుజంగ మహారాజు.

కత్తి మొన తన గుండెకి ఆనినా రాజు అడుగు వెనక్కి వేయలేదు.

“పొడుస్తావా నాయనా? పొడువు. కత్తి నాలోకి దిగదని మా మాంత్రికుడు అంటాడు. నిజమో కాదో నాకూ చూడాలనే ఉంది.”

నీలాంకుడు కత్తి దించాడు. “పొడిచే ఓపిక లేదు మహారాజా. తమరు ఆ మెట్టు మీద కూర్చోండి. అది ఈనుతోంది. గట్టిగా మాట్లాడకండి.”

ఏళ్ళ తరబడి ఎవరూ తనతో అలా మాట్లాడలేదు కాబోలు, రాజు చెప్పినట్టే వెళ్ళి కూర్చున్నాడు. బురదలో బండమ్మ రొప్పుతోంది.

“నువ్వు కలశగిరివాడివి కదూ?” అన్నాడు రాజు. “మీ అన్న నా దగ్గరికి రాయబారుల మీద రాయబారుల్ని పంపాడు. వేట మాన్పించమని.”

“పంపాడు. తమరు మాన్పించలేదు.”

“లేదు. మొదటి గిన్నె తాగిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. రెప్ప వాలితే ప్రాణం జారిపోతుందేమోనని భయం. నిద్ర లేని మనిషికి వేరే ఆలోచన రాదు. ఇంకో గిన్నె, ఇంకో కొమ్ము. అంతే.”

“కొమ్ములో ఏముంటుంది ప్రభూ?” తుంగ తల తిప్పకుండానే అంది. “గోరులో ఉన్నదే ఉంటుంది.”

“తెలుసమ్మా,” అన్నాడు రాజు. “తెలిసి చాలా కాలమైంది. అయినా తాగుతున్నాను. మానేసిన మర్నాడే పోతానేమోనని.” ఆయన మృగం వంక చూశాడు. “ఆఖరి కొమ్ముతో అంతా పూర్తవుతుందన్నాడు. ఆ తర్వాత హాయిగా నిద్రపోవచ్చన్నాడు. ఆ ఆఖరిది ఇదేనా?”

“ఇదే,” అన్నాడు నీలాంకుడు. “తీసుకుంటారా?”

రాజు జవాబు చెప్పేలోపు సరస్సు మీద గాలి చల్లబడింది. కలువలన్నీ ముడుచుకున్నాయి. నీళ్ళ మీదినుంచి పొగ లేచి మనిషి ఆకారం కట్టింది. బూడిదరంగు జడలు, నోట్లోంచి నాలుకలాగా వేలాడే సన్నటి పొగ, చేతిలో ఖడ్గమృగపు కొమ్ము తాపిన దండం. ధూమ్రజిహ్వుడు!

“అడవంతా గాలించాను. మీరే ఇంటికి తెచ్చిపెట్టారు!” అని వాడు పకపక నవ్వాడు. “మహారాజా, తల్లి కొమ్ము ఒకటే కాదు. కడుపులో పిల్ల కూడా ఉంది. లేత మొలకకొమ్ము ఇంకా శ్రేష్ఠం. ఆజ్ఞ ఇవ్వండి.”

“ముందు నాకు నిద్ర ఇవ్వు,” అన్నాడు రాజు.

“ఇస్తాను. ఇది అయ్యాక.”

“ప్రతిసారీ ఇదే మాట అన్నావు. ఈసారికి ఆజ్ఞ లేదు.”

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. “అయితే ఆజ్ఞ లేకుండానే!” అని దండంతో నీళ్ళని కొట్టాడు. సరస్సులోంచి పొగ పెద్దపులి ఒకటి గాండ్రిస్తూ లేచింది. ఏనుగంత ఉంది. కోరలు కొడవళ్ళలాగా ఉన్నాయి. చెట్ల కింది బోయీలు కెవ్వుమని కేకవేసి తలో దిక్కూ పారిపోయారు. నీలాంకుడు దూకి దాని మెడ మీద కత్తి వేశాడు. కత్తి పొగలోంచి దూరి పాలరాతి మెట్టుకి తగిలి నడిమికి విరిగింది. పులి పంజా మాత్రం నిజంగానే తగిలినట్టు అతన్ని ఎగరేసి పందిరి మీద పడేసింది.

అతను లేచేసరికి ఎటు చూసినా ధూమ్రజిహ్వుడే. మెట్ల మీద, గోడ మీద, చెట్ల మొదళ్ళలో, నీళ్ళ మీద వందల మంది ధూమ్రజిహ్వులు దండాలెత్తి ఒక్కలాగే నవ్వుతున్నారు. విరిగిన కత్తితో ఒకణ్ణి నరికితే ఆ చోట ఇద్దరు మొలుస్తున్నారు. నీలాంకుడికి నిలబడటమే కష్టంగా ఉంది.

“చిన్నదొరా! పక్కకి తప్పుకో!” అని అరిచింది తుంగ.

బండమ్మ లేచి నిలబడింది. నొప్పులతో డొక్కలు ఎగసిపడుతున్నాయి. ఖడ్గమృగానికి చూపు మందం. పదడుగుల అవతలి చెట్టునీ మనిషినీ పోల్చుకోలేదు. దానికి ముక్కే కళ్ళు. ఎదురుగా గాండ్రించే పులిలో పులి వాసన లేదు. అందుకని దానికి అక్కడ పులి లేదు. వందల మంది మాంత్రికుల్లో మనిషి వాసన ఎక్కడినుంచి వస్తోందో, ఎండిన కొమ్ము వాసన ఎక్కడినుంచి వస్తోందో దానికి బాగా తెలిసింది. తన తల్లి శవం పక్కన నిలబడి వాసన చూసిన పిల్ల అది.

ముట్టె ఎత్తి ఒక్కసారి గాలి పీల్చింది. పులిలోంచి, పొగలోంచి, నవ్వే ఆకారాల్లోంచి నేరుగా దూసుకుపోయి గట్టు మీది పొగడచెట్టు మొదట్లో, ఎవరికీ ఏమీ కనబడని చోట, కుమ్మింది. ఎముక విరిగిన చప్పుడు. కేక. దండం రెండు ముక్కలై ఎగిరి నీళ్ళలో పడింది. పులి చెదిరిపోయింది. వందల మంది మాంత్రికులు దీపం ఊదినట్టు ఆరిపోయారు. మిగిలిన ఒక్కడు కాలు ఈడ్చుకుంటూ, పొగగా మారుతూ, గోడ మీదుగా రాజభవనాల వైపు పారిపోయాడు.

“కలశగిరివాళ్ళు మహారాజుని బంధించారు! రండి! రండి!” అన్న వాడి అరుపు దూరమవుతూ వినబడింది.

బండమ్మ తిరిగి బురదలోకి వచ్చి పడుకుంది. సూర్యుడు గోడ వెనక్కి దిగేవేళకి ఈనింది. తుంగ పిల్ల మొహం మీది పొర తొలగించి, ముక్కుల్లో ఊది, తన చీర చెంగుతో ఒళ్ళు తుడిచింది. ఆడపిల్ల. గులాబీరంగు కలిసిన బూడిదరంగు. ముట్టె మీద కొమ్ము ఉండాల్సిన చోట నున్నటి బొడిపె మాత్రమే ఉంది. లేవబోయి పడింది. మళ్ళీ లేవబోయి తల్లి మెడ మీద పడింది. తుంగ నవ్వబోయి ఏడ్చింది. ఎన్నో మాసాల తర్వాత నీలాంకుడు ఆమె కంట తడి చూశాడు.

రాజభవనాల వైపునుంచి భేరీలు మోగాయి.

“పిల్ల నడవలేదు,” అన్నాడు నీలాంకుడు. “పిల్ల నడవకపోతే తల్లి కదలదు.”

రాజు లేచి చెట్ల వైపు చప్పట్లు చరిచాడు. పారిపోయిన బోయీలు తలలు వంచుకుని ఒక్కొక్కరే తిరిగివచ్చారు.

“మేనా తెండి. ఆ పిల్లని ఎక్కించండి.”

బోయీల పెద్ద నోరు తెరిచాడు. “తమరి మేనాలోనా ప్రభూ?”

“ఏం, బరువనా? ఇన్నాళ్ళూ నన్ను మోసినవాళ్ళేగా! ఇది నాకంటే తేలికే.”

పెద్దబోయీ పిల్లని రెండు చేతులా ఎత్తి చూశాడు. “లేదు ప్రభూ. తమరికంటే బరువే,” అన్నాడు మెల్లగా.

రాజు తన చేతుల వంక చూసుకున్నాడు.

మేనా లేచింది. పట్టుదిండ్ల మధ్య పిల్ల మూలిగింది. ఆ మూలుగు విని, వాసన పట్టుకుని, బండమ్మ తూలుతూ వెంట నడిచింది. దాని డొక్క మీద చెయ్యి వేసి తుంగ, వెనుక విరిగిన కత్తితో నీలాంకుడు నడిచారు. అందరికంటే ముందు చెప్పులైనా లేకుండా మహారాజు.

ఉద్యానానికి తూర్పున నీటిద్వారం ఉంది. అక్కడినుంచి రాతిబాట నేరుగా ధవళానది రేవుకి దిగుతుంది. కాపలావాళ్ళు కాలినడకన వచ్చే రాజునీ, మేనాలో ఉన్నదాన్నీ, వెనుక వచ్చేదాన్నీ చూసి ఈటెలు ఎత్తాలో దించాలో తెలియక నిలబడిపోయారు.

“తెరవండి. తెరిచి మీ ఇళ్ళకి పోండి,” అన్నాడు రాజు.

తలుపులు తెరుచుకున్నాయి. మేనా దాటింది, మృగం దాటింది. రాజు మాత్రం దాటలేదు. గడప రాయి మీద కూర్చున్నాడు.

“మహారాజా, తమరూ రండి,” అన్నాడు నీలాంకుడు. “వాడు తమర్ని ప్రాణాలతో వదలడు.”

“వాడు సైన్యానికి ఏం చెప్పాడు? నన్ను బంధించారని కదా! నేను ఇక్కడ కట్లు లేకుండా కూర్చుని కనబడితే వాళ్ళకి కాసేపు ఏం చెయ్యాలో తోచదు. ఆ కాసేపే నేను ఇవ్వగలిగింది.” రాజు గోడకి వీపు ఆనించాడు. “భయంగానే ఉంది నాయనా. వెళ్ళు. నన్ను ఎక్కువసేపు చూడకు. మనసు మారుతుందేమో!”

నీలాంకుడు వంగి నమస్కరించి పరుగులాంటి నడకతో బాట దిగాడు.

చీకటి పడుతోంది. ధవళానది పేరుకే ధవళ. ఎగువన కొండల్లో వాన పడినట్టుంది, ఎర్రటి వరద సుడులు తిరుగుతూ గట్టుని కోస్తోంది. కొమ్మలూ, చచ్చిన చేపలూ, ఎవరిదో పూరిపాక కప్పూ కొట్టుకుపోతున్నాయి. ఆ వరద అవతల సురభివనం నల్లటి గోడలాగా కనబడుతోంది. అక్కడినుంచి తడి ఆకుల వాసన గాలిలో వస్తోంది. బండమ్మ ముట్టె ఎత్తి ఆ గాలిని చాలాసేపు పీల్చింది. రేవులో ఒక్క పడవ లేదు. అన్నీ అవతలి గట్టున కట్టి ఉన్నాయి.

బోయీలు మేనా దించి ఇసుకలో కూలబడ్డారు. గట్టుపైన, నీటిద్వారం దగ్గర, భేరీలు ఆగిపోయాయి. కేకలు వినబడ్డాయి. తర్వాత అవీ ఆగాయి. ఏం జరిగిందో ఇక్కడికి తెలియలేదు.

“ఈదాలి చిన్నదొరా,” అంది తుంగ. “తల్లి ఈదగలదు. మేనా కర్రలు విప్పి తెప్ప కట్టి పిల్లని దాని మీద పెడదాం. వాళ్ళు వచ్చేలోపే దిగాలి.”

“కడదాం. విప్పండి,” అని నీలాంకుడు మేనా వైపు అడుగేశాడు.

అప్పుడే పిల్ల మేనాలోంచి ఇసుకలోకి జారింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోతుండగా ఎలాగో నిలబడింది. తడుముకుంటూ తల్లి కడుపు కిందికి పోయింది. పుట్టాక మొదటిసారి పాలు తాగడం మొదలుపెట్టింది. బండమ్మ కళ్ళు సగం మూసి కదలకుండా నిలబడింది.

రాతిబాట మీద గుర్రపు డెక్కలు వినబడ్డాయి. కాగడాల వెలుగు చెట్ల మీద పాకింది.

తుంగ పిల్ల వైపు చెయ్యి చాపింది. నీలాంకుడు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

“తాగనీ,” అన్నాడు.

విరిగిన కత్తి మోకాళ్ళ మీద పెట్టుకుని బాట వైపు తిరిగి ఇసుకలో కూర్చున్నాడు. తుంగ వచ్చి అతని పక్కన కూర్చుంది. వెనుక చీకట్లో పిల్ల గుటకలు వేస్తూ తాగుతోంది.